హానర్ ట్రెంబాత్‌కి ఎంతమంది పిల్లలు

అక్టోబర్ 3, మంగళవారం

రోజూ నాలుగు ముక్కలు రాస్తే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. నిద్ర పడుతుందట. నిద్ర పడుతూనే ఉంది. అయినా రాస్తున్నాను, అడిగితే రాశానని చెప్పొచ్చు.

ఈ రోజు చాపెల్ హాలుకి వెళ్ళాను. మార్చి తర్వాత ఇదే మొదలు. వంశాలు వెతికిపెట్టే మా బల్ల దగ్గర నా కుర్చీ ఖాళీగానే ఉంది. హెడ్లీ బాబాయి ఇన్ని నెలలూ ఎవర్నీ కూర్చోనివ్వలేదట. ఎనభై రెండేళ్ళవాడు, ముప్పై ఏళ్ళు తగరం గనిలో దిగినవాడు. అందరిలా నా చెయ్యి పట్టుకుని నిమరలేదు.

“వచ్చావా అమ్మాయ్? టీ నువ్వు పెట్టు. నేను పెడితే ఎవరూ తాగట్లా” అన్నాడు.

పెట్టాను. తర్వాత కోటు జేబులోంచి మడతలు పడ్డ ఉత్తరం తీశాడు. “మీ వాళ్ళదేనే ఇది. మీ మేరీ పుట్టింటోళ్ళు. వేసవి నుంచి దాచా నీ కోసం.”

దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా నుంచి వెర్నా కిట్టో అనే ముసలావిడ రాసింది. వాళ్ళ అమ్మకి తాత పేరు పాస్కో ట్రెంబాత్. 1865లో తల్లి హానర్‌తో కలిసి ఓడెక్కి వచ్చాడట. తండ్రి థామస్ అప్పటికే పోయాడు. వాళ్ళ ఇంట్లో ట్రెంబాత్‌ల బైబిలొకటి ఉంది. తనకు పిల్లల్లేరు. ఇంగ్లండులో, ఈ కార్న్‌వాల్‌లో ఉండిపోయిన వాళ్ళెవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి పంపుతానంటోంది. లేకపోతే మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారట.

ఉండిపోయింది మేరీ. మా తాతకి నాన్నమ్మ. ఈ ఊళ్ళో అందరి వంశాలూ వెతికాను గానీ మేరీ పుట్టింటి వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. తీరిక లేదనుకునేదాన్ని. ఇప్పుడు తీరికే తీరిక.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమీ అనిపించలేదు.

అక్టోబర్ 4

మా ఆయన క్లెమ్ పెరట్లో గడ్డి కోశాడు. సగంలో ఆగిన రాతిగోడ చుట్టూ, రాళ్ళ కుప్ప చుట్టూ కోశాడు. వాటిని మాత్రం ముట్టుకోలేదు.

అక్టోబర్ 6

పని మొదలుపెట్టాను. 1840 పెళ్ళి రిజిస్టరు. థామస్ ట్రెంబాత్, రాగి గని కార్మికుడు. హానర్, బాల్ మెయిడెన్. గని పైన కూర్చుని పొద్దుగూకులూ సుత్తితో రాయి పగలగొట్టే ఆడపిల్లల్ని మా వైపు అలా అంటారు. ఇద్దరికీ అక్షరం రాదు. పేర్లకి బదులు రెండు అడ్డగీతలు. హానర్ గీసినవి కాస్త లోతుగా దిగాయి. సుత్తి పట్టిన చెయ్యి కదా.

1841 జనాభా లెక్కలు. థామస్, రాగి గని. హానర్ ఎదురుగా వృత్తి గడి ఖాళీ. చంటిపిల్ల మేరీ. పెళ్ళయ్యేసరికి హానర్ పని మానేసిందని లెక్కలవాడి ఉద్దేశం. బావి నుంచి నీళ్ళు తెచ్చేది ఎవరో, బంగాళాదుంపల మడి తవ్వేది ఎవరో ఆ మహానుభావుడు అడగలేదు.

కోపం వచ్చినట్టు రాశాను గానీ, రాలేదు. రావాల్సిన చోటు తెలుసు కాబట్టి రాశాను.

అక్టోబర్ 8, ఆదివారం

మా అమ్మాయి టామ్సిన్ వచ్చింది. ఆరో నెల. మాంసం, దుంపలు కూరి పేస్టీలు చేశాను, దాని వాటాలో టర్నిప్ ఎక్కువ వేశాను, దానికి అలాగే ఇష్టం.

తినబోతూ ఆగింది. “అమ్మా, ఒకటి చెప్తా. అరవకు.”

“నేనెప్పుడు అరిచాను?”

“అదేగా నా బాధ. మార్చి నుంచి ఒక్కసారీ అరవలేదు నువ్వు.”

స్కాన్‌లో మగపిల్లాడని చెప్పారట. పేరు తమ్ముడిది పెడదామనుకుంటోంది. ఆ పేరు గట్టిగా పలికింది, మా వంటింట్లో. క్లెమ్ ఫోర్కు కింద పెట్టేశాడు. నేను లేచి ఓవెన్ ట్రే తోమడం మొదలుపెట్టాను.

“ఆ పేరుకి మనిషి ఉన్నాడు” అన్నాను.

“ఉన్నాడా అమ్మా?”

ట్రేలో మాడిన మరక పోలేదు.

“మనవైపు ఉన్న అలవాటే కదా. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టుకోవడం. ఊరందరికీ నువ్వే చెప్తావు.”

“అది పాతకాలం. కుక్క చచ్చిపోతే ఇంకో కుక్కని తెచ్చి అదే పేరుతో పిలిచినట్టు ఉంటుంది.”

అది పేస్టీ పక్కకి జరిపింది. తర్వాత, “సరే. నువ్వొద్దంటే పెట్టను. కానీ ఒక్కసారి, ఆ పేరు నీ నోటితో అని, అప్పుడు వద్దను. ఏడు నెలలైంది నీ నోట విని” అంది.

నోరు తెరిచాను. రాలేదు.

వెళ్ళిపోయింది. పేస్టీ రేకు కాగితంలో చుట్టి ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళేసరికి కారు మలుపు తిరిగింది.

అక్టోబర్ 9

పేస్టీ క్లెమ్ తిన్నాడు.

అక్టోబర్ 13

రెడ్రూత్ రికార్డుల ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్నాను. 1843లో పాస్కో బాప్తిస్మం. తండ్రి థామస్, తల్లి హానర్. తర్వాత భూస్థాపనల రిజిస్టరు తెరిచాను. 1846, ఫిబ్రవరి. పాస్కో ట్రెంబాత్, వయసు మూడేళ్ళు. జబ్బు ఏమిటో రాయరు. పేరు, ఊరు, తేదీ, వయసు, పాదిరిగారి సంతకం. అంతే.

కాబట్టి మా పాస్కో చిన్నప్పుడే పోయాడు. ఆస్ట్రేలియా వెళ్ళినవాడు వేరే పాస్కో. ట్రెంబాత్‌లు, థామస్‌లు మా వైపు గులకరాళ్ళకన్నా ఎక్కువ. 1851 జనాభా లెక్కలు కూడా చూశాను. ఏమీ లేదు.

వెర్నాకి రాసి పంపాను. మీ వాళ్ళు మా వాళ్ళు కారు, క్షమించండి, బైబిలు మ్యూజియానికి ఇచ్చెయ్యండి అని. పని పూర్తయింది.

అక్టోబర్ 17, మంగళవారం

హాలు. హెడ్లీ బాబాయికి చెప్పాను.

“మూడేళ్ళకే పోయాడా?” అన్నాడు. “1851లో చూశావా?”

“చూశాను.”

“బాగా చూశావా అని.”

“నాకు ఈ పని కొత్తా బాబాయ్?”

“కాదులే” అని తన బిస్కెట్ సగం విరిచి నా సాసర్లో పెట్టాడు. ఎదురుగా కూర్చుని నేను అది తినేదాకా చూశాడు.

అక్టోబర్ 19

టామ్సిన్ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

అక్టోబర్ 24

వెర్నా జవాబిచ్చింది. అలిగినట్టు లేదు. ఎనభై నాలుగేళ్ళట. టైపు చేసేది పక్కింటావిడ, చెప్పేది తను.

“అమ్మాయ్ జెనిఫర్, నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ మా పాస్కో తాత ఎప్పుడూ కార్న్‌వాల్లో మా మేరీ అక్క ఉందని చెప్పేవాడని మా అమ్మ అనేది. గనిలోంచి ఇంటికొచ్చి ముఖం కడుక్కోకుండానే మేరీ ఉత్తరమేమైనా వచ్చిందా అని అడిగేవాడట. ఇక్కడ ఎండలు అప్పుడే మొదలైనాయి. శనివారం పేస్టీలు చేశాను, క్యారెట్ వేసి.”

క్యారెట్! మా వైపు పేస్టీలో క్యారెట్ వేస్తే ఊళ్ళోంచి వెలేస్తారు. వీళ్ళు మా వాళ్ళు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జవాబు రాయలేదు.

నవంబర్ 2

డాక్టరమ్మ దగ్గర కొత్త నర్సు ఫారం నింపింది. వయసు, యాభై ఎనిమిది. మందులు. పొగ తాగుతారా. పిల్లలెంతమంది.

ఒకరు అన్నాను.

ఆమె రాసుకుంది. రాసుకున్నంతసేపూ ఆ పెన్ను కదలడం చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. బయటికొచ్చాక కారు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు, వాన పడుతుంటే వీధి చివరిదాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చాను. కారు గుమ్మం ముందే ఉంది.

నవంబర్ 14, మంగళవారం

మిషిగన్ నుంచి భార్యాభర్తలు హాలుకి వచ్చారు. వాళ్ళ ముత్తాత గురించి. అతను ఐదేళ్ళకే చనిపోయినట్టు రిజిస్టర్లో కనబడిందని, ఇంత దూరం అనవసరంగా వచ్చామని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అక్కడ ఆగిపోకూడదండీ” అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను, నోరు దానంతటదే చెప్పేస్తుంది. “మా వాళ్ళు పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టేవాళ్ళు. ఒక భూస్థాపన కనబడితే అదే పేరుతో ఆ తర్వాత బాప్తిస్మం ఉందేమో చూడాలి. మొదటి సమాధి దగ్గర ఆగిపోయేవాళ్ళకి ఈ పని రాదు.”

పది నిమిషాల్లో వాళ్ళ ముత్తాత దొరికాడు. ఇద్దరూ నన్ను కావలించుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక హెడ్లీ బాబాయి కప్పులు సర్దుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. “ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంట.”

“ఏంటి బాబాయ్?”

“ఏం లేదమ్మాయ్. బల్లి సంగతి.”

నవంబర్ 15

1851 నేను చూడలేదు.

చూశానని అక్టోబర్ 13న ఇక్కడ రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఎవరికి అబద్ధం చెప్పానో తెలియదు. ఆ పేజీ ఆ రోజే ప్రింటు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, ఫైలు వెనక జేబులో పెట్టాను. నెల రోజులూ అక్కడే ఉంది.

ఈ రోజు మడత విప్పాను.

థామస్, రాగి గని కార్మికుడు. హానర్, గడి ఖాళీ. మేరీ, పదేళ్ళు, గని పైన పని. గ్రేస్, ఆరేళ్ళు. పాస్కో, ఏడాది.

ఏడాది పాస్కో. 1843లో పుట్టినవాడైతే ఎనిమిదేళ్ళుండాలి. మళ్ళీ రిజిస్టర్లలోకి వెళ్ళాను. ఈసారి ఆగలేదు. 1847లో ఇంకో పాస్కో బాప్తిస్మం. 1849లో భూస్థాపన, వయసు రెండేళ్ళు. 1850లో మూడో పాస్కో.

ముగ్గురు.

నవంబర్ 16

హానర్ మీద కోపంగా ఉంది. ఇది నిజం కోపమే. పేర్లకేమైనా కరువొచ్చిందా? జాన్, హెన్రీ, జేబెజ్, బైబిలంతా పేర్లే. ఒకడు పోయాడు, సరే. రెండోవాడికి పెట్టింది, వాడూ పోయాడు. మూడోసారి మళ్ళీ అదే పేరు ఎలా పలికింది? తొట్టి ఒకటే, దుప్పటి ఒకటే, పేరూ ఒకటే. అరిగిపోయిన బూట్లు పెద్దవాడి నుంచి చిన్నవాడికి ఇచ్చినట్టు.

సుత్తి పట్టిన మనిషి. గుండె కూడా అలాగే అయిపోయి ఉంటుంది.

నవంబర్ 22

తేదీ రాశాను. అంతే.

నవంబర్ 28, మంగళవారం

హెడ్లీ బాబాయికి నిజం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“మా నాన్న రెండో హెడ్లీ” అన్నాడు. “మొదటోడు నూతిలో పడ్డాడంట, నాన్న పుట్టకముందే. ఆదివారం పూట మా నాన్నమ్మ ఇద్దరికీ కలిపి ప్రార్థన చేసేది. నా హెడ్లీలు అనేది. మాకు నవ్వొచ్చేది.”

“మీ నాన్నకి బాధనిపించలేదా? పోయినవాడి చోట తనని కూర్చోబెట్టినట్టు?”

“చోటేంటి అమ్మాయ్? ఆ ముసలావిడ ఎవరి చోటూ ఎవరికీ ఇవ్వలా.” కప్పు నా వైపు జరిపి, “ఆస్ట్రేలియా ఆవిడకి రాయి. ఎనభై నాలుగేళ్ళ మనిషిని కాచుకు కూర్చోబెట్టకూడదు” అన్నాడు.

ఇంటికొచ్చి రాశాను. తప్పు నాదే అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, చదువుకోని పిల్ల కూడా చెయ్యని తప్పు చేశానని, మీ పాస్కో మా మేరీ తమ్ముడేనని. ఎందుకు చేశానో రాయలేదు.

డిసెంబర్ 5

జవాబు లేదు. మ్యూజియానికి ఇచ్చేసి ఉంటుంది. నా నోటితో నేనే చెప్పానుగా, ఇచ్చెయ్యమని.

టామ్సిన్ నుంచి కూడా ఏమీ లేదు. నడుము నొప్పిగా ఉందని తండ్రికి చెప్పిందట. నాకు చెప్పమనలేదట.

డిసెంబర్ 11

క్లెమ్ అన్నాడు, “జెన్, దాని దగ్గరికి వెళ్ళు.”

“వెళ్ళి ఏమనాలి?”

“ఏమనాలో అదే చెప్పిందిగా.”

“నువ్వు అనగలవా?”

క్లెమ్ పెరట్లో సామాన్ల కొట్టులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అతనూ అనలేడు. ఈ ఇంట్లో ఇద్దరం ఒక మాట చుట్టూ గడ్డి కోస్తున్నాం.

డిసెంబర్ 18

వెర్నా నుంచి వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నదట, కాలు జారి పడి. అందుకే ఆలస్యం.

“అమ్మాయ్, తప్పులకేం, నేను ఎనభై నాలుగేళ్ళ నుంచి చేస్తున్నా. బైబిలు ఎవరికీ ఇవ్వలేదు, నువ్వు మళ్ళీ రాస్తావని నా మనసుకు అనిపించింది. పోస్టులో పంపిస్తున్నా, వచ్చేసరికి నెల పడుతుంది. ఈలోగా మొదటి పేజీ ఫోటో తీయించాను. ముసలి హానరమ్మ మంచాన పడ్డప్పుడు చెబుతుంటే పాస్కో తాత రాశాడని మా అమ్మ చెప్పేది. ఆమెకి అక్షరం రాదు కదా. అన్నీ వివరంగా రాయించిందట, ఒక్కటి మర్చిపోయినా మళ్ళీ మొదటి నుంచి చదివించుకునేదట.”

పెద్ద పెద్ద అక్షరాలు, ఒకే సిరా. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

మేరీ. పుట్టింది 1841. పాటలు పాడుతుంది. అక్కడే ఉంది.
పాస్కో. పుట్టింది 1843. ఎడమచేతి వాటం. మూడేళ్ళు.
గ్రేస్. పుట్టింది 1845. వంట బాగా చేస్తుంది.
పాస్కో. పుట్టింది 1847. వానంటే భయం. రెండేళ్ళు.
పాస్కో. పుట్టింది 1850. ఇది రాస్తున్నవాణ్ణి.
జేమ్స్. పుట్టింది 1853. మాట వినడు.
ఎలిజబెత్. పుట్టింది 1856. తండ్రి ముక్కు.
హానర్ ట్రెంబాత్ పిల్లలు, ఏడుగురు.

కిందే రెండు అడ్డగీతలు. పెళ్ళినాటివే, వణుకుతూ.

అన్నేళ్ళు దాటాక, సముద్రానికి ఆ పక్క, ఆమెకి ఏ పాస్కో ఎడమచేత్తో తినేవాడో, ఏ పాస్కో వాన పడితే ఏడ్చేవాడో గుర్తుంది. కలిసిపోలేదు. ఎవరినీ కొట్టెయ్యలేదు. మూడోవాడి చేతే మిగతా ఇద్దరినీ రాయించింది.

ఆమెను సుత్తి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డిసెంబర్ 19

వెళ్ళాలి.

డిసెంబర్ 20

వెళ్ళాను. పెన్రిన్ దాకా నలభై నిమిషాలు, రేడియో పెట్టలేదు. టామ్సిన్ నోట్లో టూత్‌బ్రష్‌తో తలుపు తీసింది. పొట్ట నాకన్నా ముందు గుమ్మంలో ఉంది.

“ఏంటమ్మా, ఫోనన్నా చెయ్యకుండా?”

కోటు విప్పకుండా వంటింట్లో నిలబడి ఆ పేజీ చదివాను. మొదటి పాస్కో, రెండో పాస్కో. చదువుతుంటే అది టూత్‌బ్రష్ తీసేసి కుర్చీలో కూర్చుంది. ఏడుగురు అని చదివాక కాగితం మడిచాను.

“డాక్టరు దగ్గర పిల్లలెంతమంది అని అడిగారు. ఒకరన్నాను” అన్నాను.

“అమ్మా.”

“జోరీని కొట్టేశాను. నా చేత్తో నేనే.”

ఆ పేరు ఎవరో పక్కగదిలోంచి పలికినట్టు వినబడింది. నా గొంతులా లేదు.

“మళ్ళీ అను” అంది టామ్సిన్.

జోరీ అన్నాను. ఇంకోసారి అన్నాను. తర్వాత ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అరిచాననే చెప్పాలి. పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా బాదారు. టామ్సిన్ తిరిగి గోడ మీద అంతకన్నా గట్టిగా బాదింది. “మా అమ్మ అరుస్తోంది, అరవనివ్వండి!” అంది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. లేవడానికి దానికి నేను, నాకు అది సాయం.

పెట్టుకోమన్నాను.

డిసెంబర్ 22

కిటికీలోంచి చూశాను. క్లెమ్ కుప్పలోంచి ఒక రాయి ఎత్తి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. బయటికి వెళ్ళాను.

“నాకు రాదు జెన్. వాడికే వచ్చు. ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు. తిరిగి కుప్పలో పడేస్తా.”

“వద్దు. చేతిలోకి తీసుకున్న రాయిని మళ్ళీ కింద పెట్టకూడదు. జోరీ ఏమనేవాడు? దానికో చోటు ఉంటుంది, వెతకాలి.”

ఆ పేరు విని క్లెమ్ తల తిప్పుకున్నాడు. రాయి మాత్రం దించలేదు. ఇద్దరం గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాం. చోటు దొరికింది. కాస్త వంకరగా కూర్చుంది. జోరీ చూస్తే తీసి మళ్ళీ పెట్టేవాడు.

జనవరి 11

బైబిలు వచ్చింది. పెట్టెలో బైబిలుతో పాటు వెర్నా రాసిన పేస్టీ చేసే విధానం. క్యారెట్‌తోనే. హెడ్లీ బాబాయికి చూపిస్తే, “బైబిలు ఉంచుకో, ఈ కాగితం తగలబెట్టు” అన్నాడు.

బైబిలు చివర ఖాళీ పేజీలున్నాయి.

జనవరి 16, మంగళవారం

హాలుకి వెళ్ళలేదు. ఆస్పత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. చేతులు కడుక్కుని, బైబిలు చివరి పేజీ తీసి, నల్ల సిరాతో రాశాను.

టామ్సిన్. పుట్టింది 1986. గోడలు బాదుతుంది.
జోరీ. పుట్టింది 1990, నవంబర్ 22. ఎత్తిన రాయి కింద పెట్టేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళు.
జెనిఫర్, క్లెమ్‌ల పిల్లలు, ఇద్దరు.

కింద ఒక వరస వదిలి, టామ్సిన్ కొడుకుని రాశాను.

జోరీ. పుట్టింది ఈ రోజు పొద్దున. ఇంకా ఏమీ తెలియదు.